భీమిలి దారిలో ఒక దినము

ఆంధ్రదేశమునకు తూర్పున సుమారు 1,000 కిలోమీటర్ల పొడవున సముద్రతీరము కలదు. అందు చాల భాగము పల్లపు నేల. కృష్ణా గోదావరులు తెచ్చిన ఒండ్రుమట్టితో ఏర్పడిన మైదానములు అచ్చట కడలిని చేరును. విశాఖపట్టణము వద్ద మాత్రము తీరము రూపు మారును. తూర్పుకనుమల కొండలు ఇచ్చట నీటి అంచువరకు వచ్చి నిలుచును. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క కడలి, నడుమ బాట. విశాఖనుండి భీమునిపట్టణమునకు పోవు ఈ బాట పొడవు సుమారు 30 కిలోమీటర్లు. భీమునిపట్టణమును జనులు భీమిలి అని పిలుతురు. ఎచ్చటను ఆగకుండ పోయినచో ఒక గంటలో చేరవచ్చును. కాని ఆ దారిలో ఆగక పోయినవాడు దానిని చూచినవాడు కాడు.

ఒక సంక్రాంతి సెలవులలో ఓరుగల్లునుండి ఒక కుటుంబము విశాఖకు వచ్చెను. తండ్రి పాఠశాలలో ఉపాధ్యాయుడు. తల్లియు, 13 ఏండ్ల కుమారుడును, 9 ఏండ్ల కుమార్తెయు అతని వెంట నుండిరి. పిల్లలిరువురును అంతకు పూర్వము సముద్రమును చిత్రములలో తప్ప చూచి యెరుగరు. వారికి ఒక దినమే వ్యవధి యుండెను. బస్సులో పోయినచో నచ్చిన చోట దిగి, నచ్చినంతసేపు నిలుచుటకు వీలుండదు. కావున తండ్రి ఒక దినమునకు కారు బాడుగకు మాటాడెను.

బేరము ముందురాత్రియే కుదిరెను. 10 గంటలు, 100 కిలోమీటర్లు అని ఒప్పందము. అంతకు మించిన ప్రతి గంటకును, ప్రతి కిలోమీటరునకును వేరుగా ఇయ్యవలెను. డ్రైవరు బత్తా ఎంత, కారు నిలుపు చోట్ల రుసుము ఎవరిది అను విషయములు కూడ అప్పుడే తేల్చుకొనిరి. మాట ముందు తేలినచో ప్రయాణము చివర మాట పెరుగదు కదా!

మరునాడు ఇంకను చీకటి విడువకముందే వారి బస యెదుట ఒక తెల్లని కారు వచ్చి నిలిచెను. దాని ముందు పసుపు పలకపై నల్లని అక్షరములుండెను. బాడుగకు తిరుగు వాహనమునకు అది గుర్తు. డ్రైవరు ఏబది యేండ్లు దాటినవాడు, మితభాషి. అతడు చక్రములను ఒకసారి చుట్టి చూచెను. ముందరి అద్దము తుడిచెను. అందరును బెల్టులు బిగించుకొనువరకు కారును కదల్పలేదు.

“పోవునప్పుడు కడలి కుడివైపున ఉండును, అయ్యా! పాపను కుడి కిటికీ వద్ద కూర్చుండబెట్టుడు. వచ్చునప్పుడు ఎడమ కిటికీ మంచిది” అని అతడు చెప్పెను.

తండ్రి ముందర కూర్చుండెను. పాప కుడివైపున, తల్లి నడుమ, బాలుడు ఎడమవైపున కూర్చుండిరి. తనకు కొండల వైపు కిటికీ దక్కినందుకు బాలుడు మొగము ముడుచుకొనెను.

“డ్రైవర్! వేగముగా పోనిమ్ము. 8 గంటలకెల్ల మనము భీమిలిలో ఉండవలెను” అని అతడు తొందరపెట్టెను.

డ్రైవరు చిరునవ్వు నవ్వి, “భీమిలి ఎక్కడికిని పోదు, బాబూ! సూర్యుడు మాత్రము మనకొరకు ఆగడు. ముందు ఆయనను చూతము” అని కారును రామకృష్ణా బీచి వైపు త్రిప్పెను.

వారు ఇసుకలో అడుగిడునప్పటికి తూర్పు తెల్లబడుచుండెను. కొంతసేపటికి నీటి అంచున ఒక ఎర్రని చుక్క కానవచ్చెను. అది విల్లువలె వంగి, పళ్లెమువలె నిండి, నీటినుండి విడివడెను. పిల్లలు మాటాడుట మరచిరి. దక్షిణమున ఒక పెద్ద కొండ సముద్రములోనికి ముక్కు చాచినట్లు నిలిచియుండెను. దానిని డాల్ఫిన్స్ నోస్ అందురు. ఆ కొండ అలల తాకిడిని అడ్డగించుటవలన దాని వెనుక ఓడలకు చక్కని ఆశ్రయము దొరకినది. 1933వ సంవత్సరమున ప్రారంభమైన విశాఖ ఓడరేవు ఆ కొండ చాటుననే కలదు.

ఒడ్డున నల్లని తిమింగిలమువలె ఒక జలాంతర్గామి యుండెను. దాని పేరు కుర్సురా. అది 1969లో భారత నౌకాదళమున చేరెను. 1971 యుద్ధకాలమున సేవ చేసెను. 2001లో విశ్రాంతి పొందెను. మరుసటి సంవత్సరమునుండి అది ప్రజలు చూచు ప్రదర్శనశాలగా నున్నది. 91 మీటర్ల పొడవుగల ఆ ఉక్కు గొట్టములో పదుల కొలది నావికులు నీటి అడుగున దినములు గడిపెడివారని తండ్రి చెప్పగా పిల్లలు నోరు తెరచి వినిరి.

తరువాత ఫలహారమునకు ఆగిరి. కుటుంబము హోటలులో బల్ల చుట్టు కూర్చుండి వేడి ఇడ్డెనలు తినెను. డ్రైవరు కారు ప్రక్కన నిలువబడి, ఇంటినుండి తెచ్చుకొనిన డబ్బా విప్పి తినెను. పెద్దలు ఆ సంగతి గమనింపలేదు. పాప ఒక్కతె కిటికీలోనుండి చూచెను.

నగరము దాటిన పిదప బాట కొండ అంచున సాగెను. ఎడమవైపున కైలాసగిరి, కుడివైపున అంతులేని నీరు. డ్రైవరు వేగము పెంచలేదు. మలుపు వచ్చినపుడెల్ల ముందుగానే వేగము తగ్గించి, హారను మ్రోగించి, తన ప్రక్కనే ఉండి పోవుచుండెను. “2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ తీరమునకే తగిలినది. ఈ బాటమీద చెట్లు పడిపోయినవి. మరునాడు మా ఊరినుండి పట్టణమునకు నడచియే పోయినాను” అని అతడు చెప్పెను. తన ఊరు ఈ తీరముననే ఉన్న ఒక జాలరిపల్లె అనియు, తండ్రి తెప్పమీద వేటకు పోయెడివాడనియు మాటల నడుమ తెలిసినది.

ఋషికొండ వద్ద వారు కొంతసేపు ఆగిరి. కొండ క్రింద అర్ధచంద్రాకారముగా ఇసుకతిన్నె. నీటి శుభ్రతకును, స్నానము చేయువారి రక్షణకును ఇచ్చు ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపును ఈ తీరము 2020లో పొందెను. నీటిలో దిగదగిన హద్దును చూపు గుర్తులును, ఈత నేర్చిన రక్షకులును అచ్చట ఉండిరి. బాలుడు స్నానము చేయుదుననెను. “ఉదయపు నీరు చల్లగా ఉండును. తిరిగి వచ్చునప్పుడు చేయవచ్చును” అని తల్లి వారించెను.

అచ్చటనుండి వారు తొట్లకొండకు పోయిరి. కారు కొండపైదాక పోవును. ఆ కొండ సముద్రమట్టమునకు 128 మీటర్ల ఎత్తున ఉన్నది. పైన విశాలమైన రాతిమైదానము. దానిపై ఇటుకలతోను రాతితోను కట్టిన స్తూపముల అడుగుభాగములు, చైత్యములు, భిక్షువులు నివసించిన చిన్న చిన్న గదుల వరుసలు కానవచ్చెను. రెండువేల యేండ్లకు పూర్వము ఇది బౌద్ధారామము. శతాబ్దములపాటు ఈ సంగతి లోకమునకు తెలియదు. 1976లో నౌకాదళమువారు ఈ ప్రాంతమును విమానమునుండి పరిశీలించినప్పుడు ఇచ్చటి శిథిలములు బయటపడెను. 1988 మొదలు 1993 వరకు పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపిరి. శాతవాహనుల నాణెములును, రోమను వెండి నాణెములును ఆ త్రవ్వకములలో లభించెను.

“ఈ కొండమీదికి రోము దేశపు నాణెములు ఎట్లు వచ్చినవి, నాన్నగారూ?” అని పాప యడిగెను.

తండ్రి సముద్రమువైపు చేయి చూపెను. “ఆ త్రోవను వచ్చినవి. ఆ కాలమున ఓడలు ఈ తీరమున తిరిగెడివి. వర్తకులు ఈ భిక్షువులకు కానుకలిచ్చి పోయియుందురు.”

ఆ కొండపై నది లేదు, చెరువు లేదు. భిక్షువులు బండను తొలిచి తొట్లు చేసి, వాననీటిని పట్టి నిలువ చేసికొనిరి. ఆ తొట్ల వలననే దీనికి తొట్లకొండ అను పేరు వచ్చెను. వేల యేండ్లనాటి ఆ తొట్లు నేటికిని చెక్కు చెదరక యున్నవి. బాలుడు వంగి ఒక తొట్టి అంచును చేతితో తడవి చూచెను.

కొండ దిగునప్పటికి ఎండ ముదిరెను. మంగమారిపేట వద్ద అలలు తొలిచిన రాతితోరణమును చూచి, మరికొంత దూరము పోయిరి. అచ్చట బాట ప్రక్కననే నిర్జనమైన ఇసుకతిన్నె యుండెను. పేరు చెప్పు పలక లేదు, దుకాణము లేదు, మనిషి లేడు. ఇరుప్రక్కల అలలు ఎత్తుగా లేచి విరుగుచుండెను. నడుమ ఒక్కచోట మాత్రము అలలు లేక నీరు నిమ్మళముగా నుండెను.

“ఆపుము, ఆపుము! ఇచ్చటనే స్నానము చేయుదును. అదిగో, ఆ నడుమ అలలే లేవు!” అని బాలుడు కేక వేసెను.

డ్రైవరు కారును నీడకు తీసి ఆపెను. బాలుడు అప్పటికే చొక్కా విప్పుచుండెను. డ్రైవరు తాను ముందుగా దిగి, ఒడ్డున నిలిచి నీటిని చాలసేపు చూచెను. వెనుకకు తిరిగి, “ఇచ్చట వలదు, బాబూ!” అనెను.

“ఎందుకు వలదు?”

“ఇది మంచి నీరు కాదు.”

బాలునకు కోపము వచ్చెను. “నాన్నగారూ! ఇతడు మన కారు నడుపుటకు వచ్చినాడా, మనకు ఆజ్ఞలిచ్చుటకు వచ్చినాడా?”

తండ్రి కుమారుని మాటకు నొచ్చుకొనెను. కాని ఎండలో వాడిన కుమారుని మొగము చూచి జాలిపడెను. “మోకాలిలోతు దాటనీయను, డ్రైవరుగారూ! నేనును వానితో దిగుదును. నాలుగు నిమిషములే” అనెను.

డ్రైవరు చేతులు కట్టుకొని వినయముగా నిలిచెను. కాని మాట సడలింపలేదు. “అయ్యా! కారు మీరు మాటాడుకొన్నది. ఎచ్చట ఆపుమన్న అచ్చట ఆపుదును. ఎంతసేపు ఉండుమన్న అంతసేపు ఉందును. బాడుగలో ఒక్క రూపాయి తగ్గించి ఇచ్చినను మారు మాటాడను. పిల్లవానిని మాత్రము ఇచ్చట దింపవలదు.”

ఇట్లని అతడు ఒడ్డున పడియున్న ఎండిన కొబ్బరిబొండమునొకదానిని తీసికొని, నిమ్మళముగానున్న ఆ నీటిలోనికి విసరెను. అది ఒడ్డునకు రాలేదు. ఎవరో దారము కట్టి లాగుచున్నట్లు లోపలికి పోవసాగెను. పాప ఒకటి, రెండు, మూడు అని లెక్కింప మొదలిడెను. నూరు లెక్కించునప్పటికి బొండము అలల వరుసను దాటి, చిన్న నల్లని చుక్కవలె కనిపించెను. తండ్రి ముఖము వెలవెలబోయెను.

“అలలు విరుగుచున్న చోట నీరు లోతు తక్కువ, అయ్యా! ఒడ్డునకు అంత నీరు వచ్చుచున్నది కదా, అది మరల ఎటు పోవలెను? ఇసుకలో లోతైన కాలువ చేసికొని, ఆ కాలువలోనుండి లోపలికి పోవును. అలలు లేనట్లు కనబడు ఆ పట్టియే ఆ కాలువ. చూడుడు, అచ్చట నీటి రంగు ముదురుగా ఉన్నది. నురుగు ఒడ్డునకు రాక వెనుకకు పోవుచున్నది. తెలియనివారికి అదియే మంచి చోటుగా తోచును” అని డ్రైవరు వివరించెను.

శాస్త్రజ్ఞులు దీనిని రిప్ ప్రవాహమందురు. దాని వేగము సాధారణముగా సెకనుకు అర మీటరు. ఒక్కొక్కప్పుడు 2 మీటర్లు కూడ దాటును. ఈతలో ఆరితేరినవాడు సైతము దానికి ఎదురు ఈదజాలడు. అది మనిషిని క్రిందికి లాగదు, లోపలికి కొనిపోవును. భయపడి, తిన్నగా ఒడ్డునకు రావలెనని పెనగులాడి, అలసిపోయినవారే మునిగిపోవుదురు. అందు చిక్కినవాడు పెనగులాడక నీటిపై తేలియుండవలెను. చేయెత్తి కేక వేయవలెను. ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, ఆ కాలువ దాటిన పిదప అలలతోపాటు ఒడ్డు చేరవలెను. చూచువారు తొందరపడి నీటిలో దూకరాదు. తేలు వస్తువు నేదైన విసరి, రక్షకులను పిలువవలెను.

“ఈ సంగతులు మీకెట్లు తెలిసినవి?” అని తల్లి మెల్లగా అడిగెను.

డ్రైవరు కొంతసేపు మాటాడలేదు. “అప్పుడు నాకు ఈ బాబు వయస్సే యుండును, తల్లీ! పట్టణమునుండి కొందరు వనభోజనమునకు వచ్చిరి. వారిలో ఒక పిల్లవాడు ఇట్టి చోటనే దిగినాడు. వాడు చేయి యెత్తుట నేను చూచినాను. ఆటకు ఎత్తుచున్నాడనుకొంటిని. నేనును చేయి యెత్తి ఊపితిని. తెలిసినప్పటికి ఆలస్యమైనది. మా అయ్య తెప్ప తోసికొని పోయినాడు. ప్రొద్దు గుంకువరకు వెదకినారు. వాని తల్లి ఇసుకలో కూర్చుండి, వాని చెప్పులు ఒడిలో పెట్టుకొని యుండెను. ఇంటికి పోదము లెమ్మన్నను లేవలేదు.”

ఎవరును పలుకలేదు. అలల మ్రోత మాత్రమే వినబడుచుండెను. బాలుడు చొక్కా తొడుగుకొని, బొత్తాములు పెట్టుకొని, తానే ముందుగా పోయి కారులో కూర్చుండెను.

భీమిలి చేరువరకు అతడు తల యెత్తలేదు. డ్రైవరు వారిని ఒక చిన్న భోజనశాల వద్ద దింపి, “ఇచ్చట చేపల పులుసు బాగుండును” అని చెప్పి, తాను కారు వద్దకు మరలెను. అప్పుడు పాప అన్న చెవిలో, “పొద్దున కూడ ఆయన కారు ప్రక్కననే నిలువబడి తినినాడు, అన్నయ్యా!” అనెను. బాలుడు ఒక నిమిషము ఆలోచించెను. వెంటనే లేచి బయటకు పోయెను.

“బాబాయిగారూ! మీరును మాతో కూర్చుండుడు. అమ్మయు రమ్మనుచున్నది” అని అతడు పిలిచెను. ఉదయమునుండి ‘డ్రైవర్’ అని పిలిచిన నోటినుండి ఆ మాట వచ్చుట విని డ్రైవరు వెనుదిరిగి చూచెను. వలదనుచునే వచ్చి, బల్లచివర కూర్చుండెను. తల్లి అతనిని బాలుని ప్రక్కకు జరుగుమనెను.

వడ్డనలో గోంగూర పచ్చడి వచ్చెను. తండ్రి దానిని చూపి, “ఈ ఊరిని లోకమెల్ల ఎరుగునట్లు చేసినది ఈ మొక్క జాతియే సుమా!” అనెను. గోగు మొక్కల కాడలనుండి తీయు నారను సంచులకును, త్రాళ్లకును వాడుదురు. ఈ రేవునుండి ఎగుమతి యగుటచే ఆ నారకు విదేశములలో బిమ్లిపటము జనపనార అను పేరు వచ్చినది. పూర్వము ఓడలు దూరముగా సముద్రములో నిలువగా, పడవలపై సరకు చేర్చెడివారు. విశాఖలో పెద్ద రేవు ఏర్పడిన పిదప ఇచ్చటి వర్తకము క్రమముగా తరలిపోయెను.

భోజనమైన తరువాత డ్రైవరు సంకోచముతో, “అయ్యా! అరగంట నడుము వాల్చి వత్తును. కన్ను బరువెక్కినప్పుడు చక్రము పట్టరాదు” అనెను. తండ్రి వెంటనే సమ్మతించెను. పిల్లలతో ఇట్లు చెప్పెను: “1961లో మన దేశమున మోటారు రవాణా కార్మికులకొక చట్టము చేసినారు. అయిదు గంటలు పనిచేసిన పిమ్మట అరగంటకు తక్కువకాని విశ్రాంతి ఈయవలెనని అందుండెను. ఇది డ్రైవరునకు చేయు దయ కాదు. కారులో కూర్చుండువారి ప్రాణములకు రక్షణ.”

ఆ అరగంటలో వారు నడచి ఊరు చూచిరి. 17వ శతాబ్దమున డచ్చివారు ఇచ్చట వర్తకస్థానము ఏర్పరచుకొనిరి. 1825లో ఇది ఆంగ్లేయుల వశమయ్యెను. 1861లోనే ఇచ్చట పురపాలక సంఘము ఏర్పడెను. దేశమున మిక్కిలి పాతవైన పురపాలక సంఘములలో అది యొకటిగా నుండెను. డచ్చివారి శ్మశానవాటికలో కూచియైన గోపురములవంటి సమాధులు సముద్రమువైపు చూచుచున్నట్లుండెను. ఎన్ని వేల మైళ్ల దూరమునుండియో వచ్చి, తిరిగి పోలేక ఇచ్చటి మట్టిలో కలసినవారు వారు. ఊరి చివర గోస్తనీనది సముద్రములో కలియుచున్నది. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహలగుండ ప్రవహించి వచ్చిన నది యిది. నదీజలము, సముద్రజలము కలియు గీత స్పష్టముగా కనబడెను. పూర్వము భీముడు బకాసురుని వధించిన తావు ఇదియేయని జనులు చెప్పుకొందురు. ఊరిపేరు అతని పేరనే వచ్చినదట.

తిరుగుప్రయాణమున తండ్రి బాలుని ముందర కూర్చుండుమనెను. ఇప్పుడు కడలి ఎడమవైపున, బాలుని కిటికీ ప్రక్కననే యుండెను. “నీకు చెప్పినాను కదా, బాబూ! వచ్చునప్పుడు కడలి నీది” అని డ్రైవరు నవ్వెను.

భీమిలికి కొద్దిదూరముననే ఎర్రమట్టి దిబ్బలు కలవు. మధ్యాహ్నపు ఎండ ఏటవాలుగా పడి అవి నిప్పువలె మెరయుచుండెను. అవి చూచుటకు మట్టి, నిజమునకు ఇసుక. సుమారు 20,000 ఏండ్లకు పూర్వము, భూమిపై మంచుయుగము ముదిరియున్నపుడు, సముద్రము నేటికంటె సుమారు 120 మీటర్లు దిగువనుండెను. నీరు తొలగిన నేలపై ఇసుక బయటపడగా, గాలి దానిని ఎగురగొట్టి తెచ్చి ఇచ్చట కుప్పలు పోసెను. తరువాత ఇసుకరేణువుల చుట్టు ఇనుపతుప్పు పొరవలె పట్టుటచే అవి ఎర్రబడెను. వాననీరు వానిని కోసి లోతైన కనుమలుగా చేసెను. ఇట్టి ఎర్రని తీరపు దిబ్బలు దక్షిణాసియాలో మిక్కిలి అరుదు. భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వీనిని 2014లో జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించెను. 2025లో ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక పట్టికలో చేరెను.

పాప ఒక ఖాళీ సీసాలో ఎర్రని ఇసుక నింపుకొనసాగెను. బాలుడు దిబ్బ అంచునుండి జారుటకు పైకెక్కబోయి, ఎందుకో ఆగి, డ్రైవరు మొగము చూచెను.

“అడుగు పెట్టి చూడుము, బాబూ!” అని అతడనెను. బాలుడు అంచున కాలు మోపగా, గంపెడు ఇసుక బుసబుస రాలి క్రింద పడెను. “దీనిని కలిపి పట్టునదేదియు లేదు. ఒక్కడు ఎక్కిన గంపెడు రాలును. దినమునకు నూరుమంది ఎక్కిన ఏమగును? నా చిన్ననాడు చూచిన అంచులు కొన్ని ఇప్పుడు లేవు.”

పాప తన సీసాను చూచుకొనెను. ఎవరును ఏమియు అనకమునుపే దానిని వంచి, ఇసుకను తీసిన చోటనే పోసెను. వారు దిబ్బల నడుమ గల బాటలోనే నడచి, కన్నులార చూచి, వెనుకకు మరలిరి.

ఋషికొండ చేరునప్పటికి 4 గంటలు దాటెను. కారు ఆగగానే డ్రైవరు తానే దిగి, నీటిని చూచి, రక్షకునితో రెండు మాటలాడి వచ్చెను. “ఇప్పుడు దిగుము, బాబూ! ఆ గుర్తులకు ఇవతలనే సుమా!” అనెను. బాలుడు తండ్రి చేయి పట్టుకొని నీటిలో దిగెను. అల వచ్చి మోకాళ్లను తాకగా కెవ్వున కేక వేసెను. మరియొక అల వచ్చి నిలువెల్ల తడిపెను. ఉదయమునుండి కోరిన కోరిక తీరెను. నడుమ ఒకసారి అతడు ఒడ్డువైపు చూచి చేయి యెత్తెను. డ్రైవరు వెంటనే ముందుకు రెండడుగులు వేసెను. బాలుడు నవ్వుచుండుట చూచి ఆగి, తానును చేయి యెత్తెను.

నగరము చేరునప్పటికి సూర్యుడు కొండల వెనుకకు జారెను. ఒప్పందము 10 గంటలు. గడచినది 11 గంటలు. కిలోమీటర్లు 100 మించలేదు. డ్రైవరు అడుగకమునుపే తండ్రి అదనపు గంటకును, బత్తాకును లెక్కగట్టి ఇచ్చెను. డ్రైవరు లెక్క చూచుకొని, నమస్కరించి, కారు ఎక్కెను.

“బాబాయిగారూ!” అని బాలుడు కిటికీ వద్దకు పోయెను. ఉదయము తానన్న మాట అతని గొంతులో అడ్డుపడెను. “నేను ప్రొద్దున అట్లు అనియుండరాదు” అనెను.

“నీవన్నదానిలో సగము నిజమే, బాబూ! నేను కారు నడుపుటకే వచ్చినాను. ఎక్కించుకొనిన వారిని మరల దింపువరకు ఆ పని పూర్తి కాదు” అని చెప్పి డ్రైవరు కారు కదల్చెను.

ఆ రాత్రి బాలుడు తన దినచర్య పుస్తకములో తాను చూచిన చోట్ల పేర్లు వరుసగా వ్రాసెను: రామకృష్ణా బీచి, ఋషికొండ, తొట్లకొండ, మంగమారిపేట, భీమిలి, ఎర్రమట్టి దిబ్బలు. మంగమారిపేటకును భీమిలికిని నడుమ మరియొక చోటు కలదు. దాని పేరు అతనికి తెలియదు. కొంతసేపు ఆలోచించి, ఆ ఖాళీలో ఇట్లు వ్రాసెను: ‘బాబాయిగారు వలదన్న చోటు.’